తిరిగి వచ్చు రాకెట్టు: బస్సు పోలిక నిలుచునా?

తార్నాక కూడలిలో ఆగిన సిటీబస్సు ప్రయాణికులను దింపి, కొత్తవారిని ఎక్కించుకొని మరల బయలుదేరును. గమ్యము చేరిన వెంటనే ఆ బస్సును మూసీలో తోసివేసి, మరునాటికి కొత్త బస్సు కొనవలసివచ్చినచో టిక్కెట్టు వెల ఎంత ఉండును? రాకెట్ల విషయములో జరుగుచున్నది ఇదే గదా అని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని విద్యార్థులు మొదలుకొని పత్రికా రచయితల వరకు పలువురు అనుచుందురు. బూస్టరును సముద్రము పాలు చేయక, తిరిగి రప్పించి వాడుకొన్నచో ఉపగ్రహ ప్రయోగము చవుక అగునని ఈ మాటకు సారాంశము. తరగతిలో చెప్పుటకు ఇంతకన్న సులువైన పోలిక దొరకదు. అందుచేతనే ఇది ఎంతవరకు సరియైనదో పరీక్షించి చూడవలసి ఉన్నది.

ఇందులో సత్యము లేకపోలేదు. అమెరికాలోని స్పేస్ ఎక్స్ సంస్థవారి ఫాల్కన్ 9 రాకెట్టు మొదటి అంచె 2015 డిసెంబరు 21న ఉపగ్రహములను పంపి, నేలపై నిటారుగా దిగినది. ఒకసారి వాడిన అంచె 2017 మార్చి 30న రెండవసారి ఉపగ్రహమును మోసినది. తరువాత కొన్ని బూస్టర్లు 20 సార్లకు మించి ఎగిరినవి. కనుక ఇది కల కాదు. అయితే సాధ్యమగుట వేరు, చవుక అగుట వేరు. బస్సు పోలిక ఈ రెండింటిని ఒకటిగా చూపుచున్నది. దోషము ఇక్కడనే ఉన్నది.

బస్సు తిరుగు ప్రయాణమునకు కావలసిన నూనెను డిపోలో పోయించుకొనును. బూస్టరునకు ఆకాశములో డిపో లేదు. సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున, గంటకు కొన్ని వేల కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా అది పై అంచెనుండి విడిపోవును. ఆ వేగమును అణచుకొని దిగుటకు కావలసిన ఇంధనమును, కాళ్లను, దారి సరిచేయు రెక్కలను బయలుదేరునప్పుడే మోసికొని పోవలెను. తిరిగి రానక్కరలేనప్పుడు ఫాల్కన్ 9 భూమికి సమీపకక్ష్యలోనికి 22.8 టన్నులు మోయగలదు. బూస్టరు తిరిగి రావలెనన్నచో మోయునది సుమారు 17 టన్నులే. అనగా బస్సులో నాలుగవ వంతు సీట్లు తీసివేసి తిరుగు ప్రయాణపు నూనె డబ్బాలు పేర్చినట్లు!

ఇక లెక్క చూతము. అంకెలు ఊహించుకొన్నవే. ఒక ప్రయోగమునకు మొత్తము ఖర్చు 100 పాళ్లు అనుకొందము. అందులో బూస్టరుది 60, మిగిలినవాటిది 40. తిరిగి వచ్చిన బూస్టరును ప్రతిసారి పరీక్షించి, బాగుచేయుటకు 12. మోయు బరువు 100 నుండి 70కి తగ్గినదనుకొందము. బూస్టరును రెండుసార్లు వాడినచో ఒక్కొక్క ప్రయోగమునకు 40, 30, 12 కలిసి 82 అగును. దీనిని 70 చేత భాగించినచో ఒక పాలు బరువునకు 1.17 వచ్చును. పారవేయు రాకెట్టునకు ఇది 1 మాత్రమే. అనగా రెండుసార్లు వాడి నష్టపోయితిమి! నాలుగుసార్లు వాడినచో 0.96, పదిసార్లు వాడినచో 0.83 అగును. లాభము తిరిగి వచ్చుటలో లేదు, పలుమార్లు పోవుటలో ఉన్నది.

పలుమార్లు పోవుటకు పని ఉండవలెను గదా. సంవత్సరమునకు నాలుగు ప్రయోగములే ఉన్నచో, పదిసార్లు ఎగురు ఒక్క బూస్టరు రెండున్నర సంవత్సరములకు సరిపోవును. అంతకాలము బూస్టర్లు చేయు కర్మాగారమునకు పని ఉండదు. కాని యంత్రముల ఖర్చు, పనివారి జీతములు ఆగవు. ఫాల్కన్ రాకెట్లు 2024లో 130కి పైగా ప్రయోగములు చేసినవి. మన ఇస్రో ఇప్పటివరకు ఏ సంవత్సరములోను పది కక్ష్యా ప్రయోగములు చేయలేదు. బస్సు పోలిక చెప్పువారు ఎక్కువగా మరచునది ఈ అంకెనే.

అమెరికావారి స్పేస్ షటిల్ నేర్పిన పాఠము కూడ ఇదియే. అది 1981 నుండి 2011 వరకు 135 సార్లు ఎగిరినది. దాని ఘనేంధన బూస్టర్లు పారాచూట్లతో సముద్రములో పడగా, ఓడలు వాటిని లాగుకొని వచ్చెడివి. అయినను ప్రయాణమునకు ప్రయాణమునకు నడుమ జరుగవలసిన మరమ్మతులు, పరీక్షలు, ఆశించిన ఆదాను మింగివేసినవి.

మన దేశపు చిక్కు మరొకటి కలదు. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంచెలోను, ఎల్.వి.ఎం.3 ప్రక్క బూస్టర్లలోను ఉన్నది ఘనేంధనము. దీపావళి తారాజువ్వవలె ఒకసారి అంటుకొన్నచో దానిని నడుమ ఆపి మరల వెలిగించుటకు వీలులేదు. అట్టి బూస్టరు నిటారుగా దిగజాలదు. ద్రవేంధన యంత్రము ఉండవలెను. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గము 8,240 కోట్ల రూపాయలతో ఆమోదించిన కొత్తతరము రాకెట్టునకు తిరిగి వాడదగిన మొదటి అంచెను ఉద్దేశించుటలో అర్థమిదే.

అట్లని దీనిని వృథా వ్యయమని కొట్టివేయువారి మాటయు సరికాదు. పునర్వినియోగము మనకు పూర్తిగా కొత్త కాదు. 1960 దశకములో ఉస్మానియా ఆవరణనుండి టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పెద్ద పెద్ద బెలూనులు ఎగురవేసిరి. విశ్వకిరణములను కొలుచు పరికరములు పారాచూట్లపై నేలకు దిగెడివి. బెలూను పొర మాత్రము మరల పనికిరాదు. విలువైనది తిరిగి వచ్చెను, చవుకైనది పోయెను. ఏది రప్పించవలెను, ఏది వదలవలెను అను వివేకమే ఇందలి కీలకము. ఇస్రో 2007 జనవరి 10న పంపిన 550 కిలోల పేటికను జనవరి 22న బంగాళాఖాతమునుండి క్షేమముగా తీసినది. 2024 మార్చి 22న చిత్రదుర్గ సమీపమున దిగిన రెక్కల వాహనమునే, ఏ మార్పును చేయక, జూన్ 23న మరల దింపినది. అది 4.5 కిలోమీటర్ల ఎత్తున హెలికాప్టరునుండి విడిచినది మాత్రమే. అంతరిక్షమునుండి రాలేదు. అయినను వాడినదానిని నమ్మి మరల వాడుట అను కఠినమైన అభ్యాసము అక్కడ ఆరంభమైనది.

కాబట్టి బస్సు పోలికను విడువనక్కరలేదు, పూర్తిచేయవలెను. బస్సు తిరిగి వచ్చునా అని అడిగిన విద్యార్థిని, అది రోజునకు ఎన్ని ట్రిప్పులు వేయును, ఎన్ని సీట్లు మిగులును, డిపోలో ఎంతసేపు ఆగును అని కూడ అడుగునట్లు చేయవలెను. పై లెక్కను నల్లబల్లపై వ్రాసి, 12కు బదులు 5, 70కి బదులు 80 వేసి చూడుమనవలెను. రాకెట్టు తిరిగి దిగు దృశ్యము చూచి చప్పట్లు కొట్టుట ఎవరికైనను తెలియును. చప్పట్ల తరువాత ఈ ప్రశ్నలు వేయుట నేర్పవలసినది పాఠశాలయే.