పూజా బోనస్, కార్డు బాకీ

దసరా ముందు ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఇద్దరు రైల్వేవాళ్లు ఎదురుపడితే మొదటి మాట ఒకటే. "ఏటి బావా, బోనస్ పడిందా?" ఈ వారం కాలమిస్టు చెవిన పడిన జవాబు మాత్రం కాస్త కొత్తది. "పడింది. అంతా పాత కార్డు బాకీకి కట్టీసాను. టీవీ మళ్లీ ఆ కార్డు మీదే తీసీసుకున్నాను." చెప్పినవాడు నవ్వుతున్నాడు, విన్నవాడూ నవ్వాడు. పక్కనున్న కాలమిస్టుకు మాత్రం ఒళ్లు మండింది.

"బాకీ తీరేదాకా పండగ లేదు" అన్నది ఆయన పాత పాట. ఈ కాలమ్ చదివేవాళ్లకు అది కంఠతా వచ్చు. కొత్త బట్టల మీద, వాయిదాల ఫోన్ల మీద ఆయన చేసిన దండయాత్రలూ తెలిసినవే. ఈసారీ కాగితం, కలం తీసి లెక్కకు దిగారు.

రైల్వే బోనస్ 78 రోజులది. జీతం ఎంతున్నా లెక్క నెలకు 7,000 రూపాయల మీదే కాబట్టి గరిష్ఠంగా వచ్చేది 17,951. కార్డు లెక్కకు ఇలాంటి హద్దు లేదు. నెలకు 3.5 శాతం వడ్డీ వేసే కార్డు మీద 50,000 బాకీ ఉందనుకుందాం. వడ్డీ 1,750, దాని మీద జీఎస్టీ 315. బిల్లులో "కనీసం కట్టాల్సింది" అని కనిపించే 5 శాతం, అంటే 2,500 కడితే అసలులో తగ్గేది 435 రూపాయలు. పైగా బాకీ మోస్తున్నవాడికి వడ్డీ లేని గడువు ఉండదు. కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ గుంజడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది.

మరి మనిషి మనసును కట్టేసుకోవాలా? రైల్వే ఉద్యోగుల 1966 నాటి ప్రవర్తనా నియమావళి అదే అంటుంది. అలవాటుగా అప్పుల్లో కూరుకుపోకుండా సొంత వ్యవహారాలు చక్కబెట్టుకోవాలని 17వ నిబంధన. చదవడానికి బాగుంది.

అంతకన్నా పాత కాగితం ఒకటి కాలమిస్టుకు ఇష్టం. వి.వి.గిరి నాయకుల్లో ఒకరుగా బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కార్మికులు ఈ ఊళ్లో సమ్మె కట్టింది 1927లో. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1931లో, విట్లీ కమిషన్ దేశంలోని కార్మికుల మీద నివేదిక ఇచ్చింది. పారిశ్రామిక కేంద్రాల్లో కనీసం మూడింట రెండొంతుల కుటుంబాలకు అప్పులున్నాయని, చాలామందికి అవి మూడు నెలల జీతాన్ని మించాయని అందులో ఉంది. రూపాయికి నెలకు అణా వడ్డీ మామూలు. ఏడాదికి లెక్కేస్తే 75 శాతం! జీతాల రోజున కర్ర పట్టుకుని గేటు దగ్గర కాపు కాసే కాబూలీవాలా ఆనాటి వసూళ్ల ఏజెంటు. "కార్మికులారా, పొదుపు చేయండి" అంటే సరిపోదని ప్రభుత్వానికి అర్థమైంది. కలకత్తా పరిసరాల పారిశ్రామిక ప్రాంతాల కోసం 1934లో బెంగాల్ వర్క్‌మెన్స్ ప్రొటెక్షన్ చట్టం తెచ్చి, బాకీ వసూలుకు పనిచోటు దగ్గర మాటు వేయడమే నేరం చేసింది. కార్మికుడి మనసు జోలికి పోలేదు, గేటు దగ్గరి మనిషిని తరిమింది.

ఇప్పటి గేటు ఫోన్‌లో ఉంది. దాన్ని మూసే తాళం కూడా కార్డుదారు చేతికే వచ్చింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ వాడకాన్ని ఎవరికి వారే ఆపేసుకోవచ్చు, వాడుకునే పరిమితినీ తగ్గించుకోవచ్చు. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డును తీసేయడం అరనిమిషం పని. అర్ధరాత్రి ఆఫర్ చూసి మనసు లాగినా, మంచం దిగి కార్డు వెతికి పదహారు అంకెలూ కొట్టేలోపు సగం మందికి నిద్ర ముంచుకొస్తుంది.

ఇక టీవీ బావ సంగతి. లెక్కంతా అయ్యాక కాలమిస్టు తన పాత పాటకే ఎదురు తిరగాల్సి వచ్చింది. ఆ మనిషి చేతిలో పండక్కి పైసా మిగుల్చుకోలేదు కాబట్టే మళ్లీ కార్డు తీశాడు. 5,000 నోట్లుగా ఉంచుకుని మిగతాది బాకీకి కట్టి ఉంటే, ఆ 5,000కు పడే వడ్డీ జీఎస్టీతో కలిపి నెలకు 206 రూపాయలు. 20,000 టీవీ కార్డు మీద కొంటే 826. కాబట్టి బాకీ ఉన్న ఇంట్లోనూ పండగ ఉండాలి. పిల్లలకు బట్టలూ పిండివంటలూ మానొద్దు, నోట్లు ఇచ్చి కొనండి. అవి అయిపోతే బజారు అయిపోయినట్టే.

బాకీ సున్నా అయ్యాక కార్డు మూసేయమని రాసిస్తే బ్యాంకు 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి.