క్షమకు అధికారి యెవ్వరు? : జాషువ కావ్యములును, లక్ష్మీబాయి తిలక్ ఆత్మకథయును

క్రైస్తవ వాఙ్మయమున ఊరట, క్షమ అను రెండు మాటలు జంటగా వినవచ్చుచుండును. అందుచేత రెండును ఒక్కటియే యని పలువురు తలంతురు. దుఃఖించువానిని జూచి, మన్నింపుము, మనస్సు తేలికపడును అని చెప్పుట సులభము. కాని ఆ మాటను ఎవరు చెప్పుచున్నారు, ఎవరికి చెప్పుచున్నారు అని విచారింపనియెడల ధర్మము తలక్రిందగును. ఊరట, గాయపడినవానికి చుట్టునున్నవారు చేయవలసిన పని. క్షమ, గాయపడినవాడు తన యిచ్ఛతో చేయు దానము. మొదటి పనిని విడిచి రెండవదానిని అడుగు హక్కు ఎవరికిని లేదు. ఈ భేదమును గ్రహించుటకు తోడ్పడు రచనలు తెలుగునందును మరాఠీయందును గలవు. మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు భాషలును దగ్గరివే కావున వానిని ఇచట చేర్చి పరిశీలించుట యుచితము.

మొదట సువార్తలను చూతము. తప్పుచేసిన సోదరుని ఏడుమార్లు మన్నించిన చాలునా యని పేతురు అడుగగా, ఏసు ఆ సంఖ్యను డెబ్బది రెట్లు పెంచిన వృత్తాంతము మత్తయి సువార్త 18వ అధ్యాయమున గలదు. లూకా సువార్త 17వ అధ్యాయమునందు మాత్రము, తప్పుచేసినవానిని ముందు మందలింపవలెననియు, అతడు పశ్చాత్తాపపడినచో మన్నింపవలెననియు ఉన్నది. పన్నులు వసూలుచేయు జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా గైకొన్నదానికి నాలుగింతలు తిరిగి యిత్తునని పలికిన పిమ్మటనే ఆ యింటికి రక్షణ వచ్చినదని ఏసు ప్రకటించెను. కాగా సిలువమీద ఆయన తన్ను వధించుచున్నవారి పశ్చాత్తాపముకొఱకు వేచియుండక, వారిని మన్నింపుమని తండ్రిని వేడుకొనెను.

ఒకచోట మందలింపు, పశ్చాత్తాపము, పరిహారము; మఱియొకచోట ఏ షరతును లేని క్షమ. ఈ రెండింటికిని పొత్తు కుదురునా? పలుకుచున్నది ఎవరో గమనించినచో కుదురును. సిలువమీద మాటాడినవాడు మేకుల బాధను అనుభవించుచున్నవాడు. షరతులను విడుచు అధికారము ఆయనకు గలదు. ఆ మాటనే పిలాతు వచ్చి, నీవు మమ్ము మన్నింపవలెనని అడిగియుండినచో అది పరిహాసమై యుండెడిది. క్షమ గొప్పతనము మాటలో లేదు, పలికినవాని స్థానమున నున్నది.

ఈ దృష్టితో గుఱ్ఱం జాషువ కావ్యములను చదువవలెను. 1895లో వినుకొండలో జన్మించిన ఈ కవి తల్లిదండ్రులు వేర్వేరు కులములవారు. ఆయన పెరిగినది క్రైస్తవ కుటుంబమున. కులము తెలిసినంతనే మొగము త్రిప్పుకొన్న సాహిత్యసభలను ఆయన చూచెను. హిందూ పురాణములను ఆదరించుచున్నాడని కొందరు క్రైస్తవులు ఆయన కుటుంబమును వెలివేసిరి. ఇట్లు రెండువైపులనుండియు దెబ్బతిన్న వాని కాలికి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వహస్తములతో గండపెండేరము తొడిగెను. పెద్దకవి యొకడు వంగి చేసిన ఆ పని ఉపదేశము కాదు, ఊరట. గాయపడినవాని విలువను పదిమంది యెదుట ఒప్పుకొనుటయే ఊరటకు మొదటి మెట్టు.

1941లో వెలువడిన "గబ్బిలము" ఊరట దొరకనివాని కావ్యము. కాళిదాసు మేఘసందేశమున యక్షుడు ప్రియురాలికి వార్త పంపెను. జాషువ నాయకుడు తంజావూరి అస్పృశ్యుడు. అతడు తన గోడును శివునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. మనుష్యుడు అడుగిడరాని దేవాలయమున గబ్బిలమునకు అడ్డులేదు. ఈ కల్పనలోని వ్యంగ్యమును విమర్శకు లెల్లరు మెచ్చిరి. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది వేఱొకటి. ఆ నాయకునికి కావలసినది ముందుగా వినువాడు. మనుష్యులలో అట్టివాడు దొరకనందున ఇతర ప్రాణులలో వెదకుకొనెను. అట్టివానితో అప్పుడే క్షమనుగూర్చి మాటాడుట క్రూరము. కవి ఆ పని చేయలేదు. గోడును పూర్తిగా చెప్పనిచ్చెను.

ఈ కలమునుండియే "క్రీస్తు చరిత్ర" వెలువడి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందెను. వయసుతోబాటు కవి కోపము చల్లారినదని కొందరు అనవచ్చును. ఆ మాట నేను అంగీకరింపను. గోడు చెప్పుకొన్నవాడే క్షమామూర్తిని వర్ణించినాడు కావున ఆ వర్ణనకు బరువు వచ్చినది. కులబాధ యెఱుగనివాడు అదే కథను అంతే చక్కని పద్యములలో వ్రాసియుండినను అది భక్తికావ్యము మాత్రమే కాగలదు. అయితే ఒక లోపమును చెప్పక తప్పదు. క్రీస్తు కథ అందఱకును తెలిసినది. దానికి కట్టువడి నడచుటచే కవి తన సొంత గాయమును "గబ్బిలము"నందు వలె నేరుగా చూపుటకు చోటు తక్కువ. కావున ఈ కావ్యమును ఒంటరిగా చదివినవారు క్షమను సుకుమారమైన గుణముగా భ్రమింతురు. రెండు కావ్యములను ప్రక్కప్రక్కన ఉంచుకొని చదువవలెను.

ఇంకొక కృతి "పిరదౌసి". పద్యమునకొక బంగారు నాణెమని మాటయిచ్చి వెండి నాణెములు పంపిన గజనీ సుల్తాను చివరకు పశ్చాత్తాపపడి బంగారము పంపెను. అప్పటికి కవి మరణించెను అని ప్రసిద్ధ గాథ. పశ్చాత్తాపము నిజమైనదే. కాని మన్నింపవలసినవాడు లేడు. ఆ ఋణమును బ్రతికియున్నవారెవ్వరును రద్దుచేయజాలరు. ఆలస్యమైన పరిహారము ఎంత శూన్యమో ఈ గాథ చెప్పినట్లు వ్యాసములు చెప్పలేవు.

ఇక మరాఠీకి వత్తము. ఇచట చెప్పబోవు తిలక్ లోకమాన్యుడు కాడు. 1895లో క్రైస్తవ దీక్ష గైకొన్న మహాకవి నారాయణ వామన్ తిలక్. ఆయన భార్య లక్ష్మీబాయి ఆచారవంతమగు బ్రాహ్మణ కుటుంబమున పెరిగినది. భర్త మతము మారుటచే ఆమెకు సంసారము తెగిపోయినట్లయ్యెను. కొన్నేండ్లు కుమారునితో బంధువుల చెంత వేఱుగ నుండెను. తరువాత భర్త యున్న అహమ్మదునగరమునకు వచ్చినను, వెంటనే ఆయన మతమును గైకొనలేదు. తన వంట తాను వేఱుగ చేసికొనెను. కులభేదములు మనుష్యులు కల్పించినవేయని తనంత తానే తర్కించుకొని మడిని విడిచెను. 1900లో దీక్ష గైకొనెను. 1919లో భర్త మరణించిన పిదప ఆయన ఆరంభించి విడిచిన "క్రిస్తాయన్" కావ్యమును ఆమెయే పూర్తిచేసెను.

ఆమె ఆత్మకథ "స్మృతిచిత్రే" మరాఠీ వచనమున మేటి గ్రంథము. అందు భర్త చపలత్వమును, ఆయన తొందరపాటువలన తాను పడిన పాట్లను దాచలేదు; హాస్యముతో చెప్పెను. ప్రేమయు దాచలేదు. మన్నించినవారు మఱచిపోవలెనను లోకోక్తిని ఈ పుస్తకము త్రోసిపుచ్చుచున్నది. ఆమె అన్నియు జ్ఞాపకముంచుకొనియే మన్నించెను. జ్ఞాపకమునందలి విషము పోయినది, జ్ఞాపకము పోలేదు. ఎంతకాలము పట్టవలెనో ఆమెయే నిర్ణయించుకొనెను.

ఈ విచారణ పుస్తకములకే పరిమితము కాదు. మన కాశేలి, థానె నుండి భివండికి పోవు త్రోవలోని ఊరు. భివండి 1970లోను, 1984లోను మతకలహములచే రక్తసిక్తమైనది. ప్రాణములు, ఇండ్లు, మగ్గములు పోయినవారితో, జరిగినది జరిగినది, మఱచిపొండు అని చెప్పుట ఇరుగుపొరుగువారికి తేలిక. జాషువ కావ్యములు, లక్ష్మీబాయి కథ నేర్పునది దానికి విరుద్ధము. ఇరుగుపొరుగు చేయవలసినది వినుట, సాక్ష్యము చెప్పుట, పోయినదానిని తిరిగి నిలబెట్టుటకు చేయూతనిచ్చుట. మన్నించుటయో, మానుటయో, ఎప్పుడో, అది నష్టపోయినవారి వశము. చనిపోయినవారి పక్షమున మన్నించు అధికారము మాత్రము ఎవరికిని లేదు.

మన నేతవారికి ఇది తెలియని నీతి కాదు. పడుగులో పోగు తెగినప్పుడు మగ్గము నాపి, రెండు కొసలను వెదకి ముడివేయుదురు. ఆపక నడిపినచో గుడ్డ నిడివి పెరుగును గాని తప్పు అందులోనే నేయబడును. తప్పును పేరుపెట్టి చెప్పుట మగ్గము నాపుట వంటిది. క్షమ ముడి వంటిది. ముడి వేసినచోట చేతికి తగులును. అది గుడ్డకు లోపము కాదు, తెగినది కలిసినదనుటకు గుర్తు.

క్రైస్తవులకును, ఇతర మతస్థులకును ఈ విచారణ ఒక్క నియమమును మిగుల్చును. పరుల గాయమునెడ మన వంతు ఊరట. మన గాయమునెడ మాత్రమే మన వంతు క్షమ. ఈ వంతులను తారుమారు చేయక పాటించుటయే కష్టము.