దుడుకువాడి ధీమా

పుష్యమాసం దగ్గర పడుతోందంటే మా వీధి సంగీత గోష్ఠిలో త్యాగయ్య పంచరత్నాల పుస్తకాలు అటక దిగుతాయి. నాటలో ‘జగదానందకారక’ సంస్కృతం. నోరు తిరిగితే చాలు, గట్టెక్కుతాం. ఆరభి అందరికీ ఇష్టం. శ్రీరాగం దాకా వచ్చేసరికి వంటింట్లోంచి పులిహోర ఘుమఘుమలు, గొంతుల్లో ఎక్కడలేని ఊపు. నన్ను ఏటా నిలబెట్టేసేది మాత్రం రెండోది, గౌళలో ‘దుడుకుగల’.

గౌళ మాయామాళవగౌళకు జన్యమే. సరళీస్వరాలనాటి రిషభమే కదా అని వేస్తే మాస్టారు తాళం ఆపేస్తారు. ఇక్కడ రిషభం ఇంకాస్త కిందికి, షడ్జాన్ని ఆనుకుని పలకాలి. అది కుదిరాక చరణాలు. ముందు స్వరం, అదే వరసలో సాహిత్యం, మళ్లీ పల్లవి. సాహిత్యమంతా నేరాల చిట్టా. పరుల సొమ్ముకోసం వాళ్ల మనసు కరిగేలా మాట్లాడి పొట్ట నింపుకున్నానంటాడు. స్వరలయలు ఎరక్కుండానే గొప్ప భక్తులకు సాటినని మిడిసిపడ్డానంటాడు. ఇల్లాలికోసం కొన్నాళ్లు, పిల్లలకోసం కొన్నాళ్లు, ఆస్తికోసం కొన్నాళ్లు తిరిగానంటాడు.

‘మాస్టారూ, అంతటివారు ఇవన్నీ చేసుంటారంటారా?’ అని ఒకావిడ అడిగింది.

‘మన తరఫున ఒప్పుకున్నారమ్మా. ముందు నువ్వు రిషభం సంగతి చూడు’ అన్నారాయన.

ఈ జవాబు చాలామంది చెబుతారు. నాకెందుకో మింగుడుపడదు. రాజుగారి కానుకల్ని కాదన్నాడని చెప్పుకునే మనిషికైనా ఎదుటివాడి మెప్పు కోసం నోట్లో ఓ తీపిమాట ఊరకుండా ఉంటుందా? మనం లెక్కలోకే తీసుకోనంత చిన్నదై ఉంటుంది. ఆయనకది చెప్పుకోక తప్పలేదు. అంతా మన ఖాతాలో రాసేస్తే త్యాగయ్య పరువు నిలుస్తుందేమోగాని, పాటలోని మనిషి మాయమవుతాడు.

చిట్టా ఇంత పొడుగున్నా, ఇకమీదట బుద్ధిగా ఉంటానన్న హామీ ఎక్కడా లేదు. బాగుపడి వస్తాను, అప్పుడు చూడు అనడు. ఇలాంటివాణ్ణి ఏ దొరబిడ్డ కాపాడతాడోనని అడుగుతాడు, అంతే. ఆ అడగడంలో ఏడుపు లేదు. ఆదితాళంలో నిబ్బరంగా నడుస్తుంది. తలుపు తీయరనుకున్నవాడు గుమ్మంలో నిలబడి ఇన్ని చరణాలు పాడడు.

మన తీరు వేరు. చేయరాని పని చేసిన రోజు ఇంటికి ఫోన్ చేయం. అమ్మే చేసి ‘తిన్నావా నాన్నా?’ అంటే ఆ మాట తట్టుకోలేం. అసలు సంగతి తెలిస్తే అలా అడగదులే అనుకుంటాం. మన మీద ప్రేమంతా ఎదుటివాళ్లకు నిజం తెలియకపోబట్టేనని లోపల ఓ అనుమానం. త్యాగయ్య ఆ అనుమానానికి చోటే ఉంచడు. ఉన్నదంతా ముందే విప్పి, తెలిసే ప్రేమించమంటాడు.

ఇంతా చేసి ఆ చిట్టా కూడా సరైనది కాదు. పై కులంలో పుట్టి శూద్రుల పనులు చేశానని ఒకచోట వాపోతాడు. ఏమీ తెలియని క్షుద్రుల వరసలో నటులనూ ఆడవాళ్లనూ కలిపేస్తాడు. 1767లో పుట్టిన తంజావూరు సీమ బ్రాహ్మణుడి కంటికి అలా కనిపించింది. ఇవాళ మన కంటికి తప్పంటూ ఉంటే ఆ చూపే. తన తప్పులేవో లెక్క తేల్చుకున్నాకే ప్రేమకు తగుదునని ఆయన ఆగి ఉంటే, ఈ పాట పుట్టేది కాదు.

తిరువయ్యారులో ఆయన సమాధికి గుడి కట్టించిందేమో ఒక ఆడమనిషి, దేవదాసి కుటుంబంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ. 1920లలో సొంత సొమ్ము పోసి కట్టించింది. అక్కడ ఏటా ఆయన పేర జరిగే ఆరాధనలోనే ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆవిడ ఊరుకోలేదు, ఆడవాళ్లను కూడగట్టి వేరే ఉత్సవం నడిపింది. 1940 ప్రాంతానికి గాని మగవాళ్ల పంతం సడలలేదు. 1952లో పోతే ఆవిడ సమాధిని ఆయన సమాధికి ఎదురుగానే కట్టారు. ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి అచ్చువేయించిన విదుషికి, ఆడవాళ్లను క్షుద్రుల వరసలో కలిపిన ఆ చరణం అర్థం తెలియకనా?

మా గోష్ఠిలో ఆ చరణం వదిలేద్దామని ఓసారి మాట వచ్చింది. లేవదీసింది మగవాళ్లమే. రిషభం దగ్గర చీవాట్లు తినే ఆవిడే అడ్డుపడింది.

‘ఉండనివ్వండి మాస్టారూ. ఆయన చిట్టాలో అదీ ఒకటి.’