చట్రం ఎవరిది?

టెన్నిస్ లోకంలో ఒక బహిరంగ రహస్యం ఉంది. టీవీలో పేరున్న ఆటగాడి చేతిలో ఈ ఏటి కొత్త మోడల్ రాకెట్ తళతళలాడుతుంటుంది. రంగు కొత్తది, పేరు కొత్తది. లోపలి ఫ్రేము మాత్రం చాలాసార్లు ఆయన చేతికి ఎన్నో ఏళ్ళుగా అలవాటైన పాతదే. మారిస్తే ఆట చెడుతుందని ఆయన భయం, కొత్త సరుకు అమ్ముడుపోవాలని కంపెనీ ఆత్రం. మధ్యేమార్గంగా పాత ఫ్రేముకు కొత్త మోడల్ రంగులు పూసి ఇస్తారు. దీన్ని వాళ్ళు పెయింట్ జాబ్ అంటారు.

ఈ సంగతి తెలిశాక 'సరికొత్త డిజైన్' అన్న మాట ఎక్కడ కనబడినా ముందు పైరంగు గోకి చూడాలనిపిస్తుంది. కరీంనగర్‌లో ఉంటూ వెండితీగ పనివాళ్ళ మధ్య తిరిగేవాడికి ఆ బుద్ధి ఇంకాస్త ఎక్కువ. వాళ్ళ పని కూడా ఫ్రేము కట్టుకుని లోపల తీగలు నింపడమే కదా. ఏది పాత, ఏది కొత్త, కొత్తదైతే ఎవరిది అన్న పేచీ అక్కడ ఎప్పుడూ ఉండేదే.

మా నాన్న సింగరేణి ఉద్యోగి. ఆఫీసర్ల క్లబ్బు కోర్టు పక్కన నిలబడి బంతులు అందించిన పిల్లల్లో నేనొకణ్ణి. ఆట కన్నా ఆట అయ్యాక జరిగే తంతే నాకు బాగా గుర్తు. రాకెట్‌ను చెక్క ప్రెస్సులో పెట్టి, నాలుగు మూలలా మరలు బిగించేవారు. బిగించకపోతే వానాకాలపు తేమకు ఫ్రేము వంకరపోతుంది. సాహెబు ఇంటిదాకా ఆ ప్రెస్సు మోయడం మా వంతు.

ఆ రాకెట్ల తల అంత చిన్నగా ఎందుకుండేదో అప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు. గట్టింగ్ చేసేటప్పుడు ఒక్కో పోగును యాభై, అరవై పౌండ్ల బిగువుతో లాగి కడతారు. అలాంటి పోగులు నిలువూ అడ్డమూ కలిపి ముప్పై అయిదుకు అటూ ఇటూ. అన్నీ కలిసి చెక్కను లోపలికి గుంజుతూనే ఉంటాయి. తల పెద్దది చేస్తే చెక్క తట్టుకోదు, చెక్కను లావు చేస్తే మణికట్టు తట్టుకోదు. అందుకే సుమారు 70 చదరపు అంగుళాల దగ్గర ప్రపంచమంతా ఆగిపోయింది. నియమాలేమో ఆగమనలేదు. 1970ల చివరిదాకా రాకెట్ ఇంత ఉండాలని టెన్నిస్ నియమావళిలో ఒక్క ముక్క లేదు. చెక్క పెట్టిన హద్దును ఆట పెట్టిన హద్దనుకుని తరాల కొద్దీ ఆడేశారు.

1960ల్లో ఫ్రాన్స్ పాత ఛాంపియన్ రెనే లకోస్ట్ ఉక్కు గొట్టంతో రాకెట్ తెచ్చాడు. అమెరికాలో విల్సన్ కంపెనీ దాన్నే టీ2000 పేరుతో 1967లో అమ్మింది. జిమ్మీ కానర్స్ ఏళ్ళ తరబడి వదలకుండా వాడింది అదే. గొట్టానికి బెజ్జాలు వేయలేదు. దాని చుట్టూ సన్నటి తీగ చుట్టి, ఆ తీగ మెలికల్లోంచి గట్ పోనిచ్చారు. వెండితీగ పని చూసిన కంటికి అది భలే ముచ్చటగా ఉంటుంది. అయితే తల కొలత మాత్రం చెక్క రాకెట్‌దే. ఉక్కు వచ్చింది గానీ చెక్క గీసిన గీత చెరగలేదు.

దాన్ని చెరిపినవాడు హోవర్డ్ హెడ్. విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేసి, లోహపు స్కీలు తయారుచేసి, ఆ వ్యాపారం అమ్మేసి తీరిగ్గా టెన్నిస్ నేర్చుకోబోయాడు. ఆట ఒక పట్టాన రాలేదు. బంతి నడిమికి కాకుండా పక్కకు తగిలినప్పుడల్లా రాకెట్ చేతిలో గిర్రున తిరుగుతోంది. ముందు ఫ్రేము అంచుల్లో బరువులు పెట్టి చూశాడు. తర్వాత లెక్క వేసుకున్నాడు. అంచున బరువు రెట్టింపు చేస్తే ఆ నిలకడ రెట్టింపే అవుతుంది, వెడల్పు రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. అలాంటప్పుడు బరువు దేనికి, వెడల్పే పెంచితే సరి. అల్యూమినియం ఫ్రేముతో, 110 చదరపు అంగుళాల తలతో ప్రిన్స్ రాకెట్ 1976లో వచ్చింది. అదే ఏడాది పేటెంటూ వచ్చింది. చూసినవాళ్ళు నవ్వారు. ముసలివాళ్ళకూ ఆట రానివాళ్ళకూ పనికొస్తుందన్నారు. రెండేళ్ళకే పామ్ ష్రైవర్ అనే 16 ఏళ్ళ పిల్ల దాంతోనే అమెరికన్ ఓపెన్ ఫైనల్‌దాకా వెళ్ళింది.

అదే రోజుల్లో నియమాలు రాసే పెద్దలకు మెలకువ వచ్చింది. (మెలకువ తెప్పించింది హెడ్ ఒక్కడే కాదు. 1977లో 'స్పగెటీ' గట్టింగ్ అని రెండు పొరలుగా పోగులు కట్టిన రాకెట్లు బంతిని బొంగరంలా తిప్పి పెద్ద పెద్దవాళ్ళను ఓడించాయి. దాన్ని నిషేధించాల్సి వచ్చాకే రాకెట్ అంటే ఏమిటో రాసుకున్నారు.) ఇప్పుడు పొడవు 29 అంగుళాలు, వెడల్పు పన్నెండున్నర దాటకూడదు.

నా మటుకు నాకు అసలైన కొత్తదనానికి గుర్తు ఇదే. అందరూ అడగకుండా ఒప్పేసుకున్న హద్దు ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు జరుపుతారు. జరిపిన తొలినాళ్ళలో ఆ వస్తువు చూపుకు బాగుండదు కూడా. లకోస్ట్ రాకెట్ అందగత్తె, ప్రిన్స్ అనాకారి. నేను ప్రిన్స్ పక్షమే.

ఇక మా ఊరి సంగతి. వెండితీగ పని కరీంనగర్‌కు ఎలగందుల నుంచి వచ్చింది. మానేరు ఒడ్డున కోట ఉన్న ఆ ఊరే ఒకప్పుడు జిల్లా కేంద్రం. కచేరీలు ఇటు తరలాక కొలువులతో పాటు కుంపట్లూ తరలాయి. నిజాం కాలంలో అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్ళేలు చేసేవారు. వెండి మేలిమిదై ఉండాలి. రాగి కలిస్తే తీగ మొండికేస్తుంది. కరగబోసిన కడ్డీని సాగగొట్టి, కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి వరసగా లాగుతారు. వెంట్రుకంత సన్నబడ్డాక రెండు తీగలను జంటగా పేని, ఆ పురిని చదును చేస్తారు. అప్పుడు దాని అంచున సన్నటి రవ్వ పేర్చినట్టు కనిపిస్తుంది. సరుకు చేతిపనో, అచ్చుగుద్దినదో తేల్చుకోవాలంటే భూతద్దం పెట్టి చూడాల్సింది అక్కడే.

తర్వాత దళసరి తీగతో ఫ్రేము. నెమలి కావాలంటే నెమలి, ఆకు కావాలంటే ఆకు. దాని లోపల చుట్టలనూ పూరేకులనూ శ్రావణంతో ఒక్కొక్కటే పట్టి కూరుస్తారు. టంకం పడేదాకా వాటిని నిలబెట్టేది ఒకదాన్నొకటి నొక్కుకునే బిగువే. ఆ బిగువుకు చుట్టూ ఫ్రేము కాపలా. పైన టంకం పొడి, వెలిగారం చల్లి ఊదుతారు. ఇక్కడే ఊపిరి బిగబట్టాలి. ఫ్రేము లావు, లోపలి తీగ సన్నం. లావుదానికి చాలినంత వేడి తగిలేలోపు సన్నది కరిగి బొట్టుగా కూర్చుంటుంది. అందుకే మంటను ఫ్రేము చుట్టూ తిప్పుతూ, లోపలికి సెగ తగిలీ తగలనట్టు పోనిస్తారు. ఆఖరున కుంకుడురసంలో కడిగితే తెలుపు తేలుతుంది.

"కాకా, ఈ నెమలి డిజైన్ ఎవరిది?" అని ఈ పనిలో తల నెరిసిన ఒక పెద్దాయనను అడిగాను.

"నెమలి ఎవరిదైతది బిడ్డా, అడివిది. ఫ్రేము మా మామ తాన నేర్చిన. నింపుడు నాది" అన్నాడు.

పక్క బల్ల మీద ఆయన తమ్ముడు చేసిన నెమలి ఉంది. నా కంటికి రెండూ ఒకటే. ఆయనకు కాదు. "వాని చుట్టలు ఎడమకు తిరుగుతయ్, నాయి కుడికి." ఇది చేతిరాత లాంటిది. ఎవరి రాత వాళ్ళదే, అయినా రాత మారినందుకు కొత్త అక్షరం పుట్టదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక చార్మినార్లు, కాకతీయ తోరణాలు, బతుకమ్మలు జ్ఞాపికలుగా బాగా నడుస్తున్నాయి. కుంపటి చల్లారకుండా ఉంది, సంతోషమే. వాటిని కొత్త డిజైన్లంటే మాత్రం ఒప్పుకోలేను. బయటి గీత మారింది, లోపలి లెక్క మారలేదు. పెయింట్ జాబులే. వాటికన్నా 2023లో ఢిల్లీ జీ20 సదస్సు అతిథుల కోసం మా ఊరివాళ్ళు చేసిన అశోకచక్రం బ్యాడ్జీలు నాకు గొప్పగా తోస్తాయి. అశోకచక్రాన్ని ఎవరూ తనదనలేరు, అందరికీ తెలిసిన బొమ్మ. అయితే నెమలిలో ఒక రేకు అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది, 24 ఆకుల చక్రంలో ఒక్క ఆకు వాలినా క్షమించదు. కొత్తదనం కానరాని చోట పనితనం ఎంత ఉంటుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. రెంటినీ కలగాపులగం చేయడం మన సన్మాన పత్రాలకు అలవాటు.

ఈ తికమక ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇంకాస్త ముదురుతుంది. ఉషేగాం, కెస్లాగూడ ఊళ్ళ ఓజాలు ఇత్తడితో డోక్రా పని చేస్తారు. ఆ ఊళ్ళు ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నాయి. మట్టితో లోపలి గుండె చేసి, తేనెమైనాన్ని దారాల్లా తీసి దాని మీద చుడతారు. పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన సందులోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అంటే మూస ఒక్కసారికే. అచ్చంగా అలాంటి బొమ్మ ఇంకోటి రాదు. గోండుల దేవతలకూ పండుగలకూ వాళ్ళు చేసే గంటలూ మూర్తులూ తరాలుగా అవే, ప్రతి ఒక్కటీ మాత్రం వేరు. ఇప్పటి కార్బన్ రాకెట్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఒకే మూసలోంచి లక్ష ఊడిపడతాయి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండదు, అయినా ఆ మూసే లోకానికి కొత్త కావచ్చు. దేనికదే వేరుగా ఉండడమూ, లోకానికే కొత్తగా ఉండడమూ రెండు సంగతులు. మేళాల్లో మైకు పట్టుకున్నవాళ్ళు రెండిటికీ ఒకే పొగడ్త వాడతారు.

ఇంతకీ మా కాక బల్ల మీద ఒక మోదుగాకు ఉంది. చీర కొంగుకు పెట్టుకునే పిన్ను. చూడగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. చుట్టూ ఫ్రేము లేదు! నడిమి ఈనెను దళసరి చేసి, పక్క ఈనెలను దాన్నుంచి సన్నగా లాగి, చుట్టలన్నిటినీ వాటికే పట్టించాడు. అంచు దగ్గర తీగ చివర్లు గాలిలో ఉన్నాయి, నిజం ఆకులో ఉన్నంత సన్నగా. కాపలా లేకపోతే టంకం వేసేటప్పుడు చుట్టలు విడిపోవా అంటే, పని అయ్యేదాకా ఇనుప తీగతో కట్టి, తర్వాత ఆ కట్టు విప్పేస్తానన్నాడు. బయట ఉండాల్సిన బలం లోపలికి చేరింది. బరువు తగ్గింది. దువ్వెన పళ్ళలా కొంగుకు పట్టుకుంటుందేమోనని నేను వేలితో రాసి చూశాను, చివర్లన్నీ గుండ్రంగా కరిగించి ఉన్నాయి.

"ఎవరన్న కొన్నరా?"

"అంచు కట్టియ్యి, అప్పుడు తీస్కుంటమంటున్నరు. ఇది సగంల ఇడిచిపెట్టిన పని లెక్క కొడ్తదట" అని నవ్వాడు.

ప్రిన్స్ రాకెట్‌ను చూసి నవ్వినవాళ్ళు గుర్తొచ్చారు. ఆయనకు ఆ కథ చెప్పాను, అంతగా పట్టించుకోలేదు. ఆయన బాధ వేరు. దీన్ని ఎవడైనా ఫోనుతో ఫోటో తీసుకుపోయి అచ్చు గుద్దిస్తే ఏం చేయాలని.

కరీంనగర్ సిల్వర్ ఫిలిగ్రీకి 2007లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, ఆదిలాబాద్ డోక్రాకు 2018లో. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. వేరేచోట చేసి కరీంనగర్ సరుకని అమ్మకుండా ఆపుతుంది. పద్ధతికి అది పట్టా కాదు. కటక్ తారకశికీ 2024లో అలాంటి గుర్తింపే వచ్చింది. రెండుచోట్లా వెండితీగ పనే, ఎవరిది అసలుదన్న గొడవే లేదు. ఆ మోదుగాకు ఊరిది కాదు, ఒక మనిషిది. దానికి కావాల్సింది 2000 నాటి డిజైన్ల చట్టం. దరఖాస్తు చేరాల్సింది చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి కాదు, కోల్‌కతాలోని డిజైన్ల కార్యాలయానికి. నమోదైతే పదేళ్ళ హక్కు, ఇంకో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. పాతవే అయినా కొత్త విధంగా ఉపయోగిస్తే అదీ అసలైనదే అవుతుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఆకు పాతది, తీగ పాతది, ఈనె మీద బరువు నిలపడం కొత్తది. రూపం వరకు ఆ చట్టం చూసుకుంటుంది. అది పనిచేసే తీరుకు హక్కు కావాలంటే హెడ్ లాగా పేటెంటుకు పోవాలి. అది మా కాక ఓపికకు మించిన వ్యవహారం.

అయితే ఒక మెలిక ఉంది. దరఖాస్తుకు ముందే నలుగురిలో పెడితే దాని కొత్తదనం పోయినట్టే లెక్క. ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనలకు మినహాయింపు ఉన్నా, దానికి ముందుగానే నోటీసు ఇచ్చి ఉండాలి. మన పనివాళ్ళేమో కొత్తది చేయగానే ముందు తీసుకెళ్ళి పెట్టేది మేళాలోనే. చేనేత, హస్తకళల శాఖలవాళ్ళు స్టాలు కేటాయించే కాగితంతో పాటు ఈ దరఖాస్తు ఫారమూ చేతికిచ్చి, నింపడానికి ఒక గుమాస్తాను కూర్చోబెడితే సగం పీడ విరగడవుతుంది.

ఇదంతా విని కాక అడిగింది ఒక్కటే. "కోల్‌కతకు కాయితం పంపి ఎన్ని రోజులు ఆగాలె?"

దరఖాస్తు అక్కడికి చేరిన తేదీయే లెక్క, అది చేరాక చూపించుకోవచ్చని చెప్పాను. వచ్చే వారమే మేళా అట. ఫోటోలు నాలుగు వైపులా తీయాలి, వెండి మెరుపుకు ఫోను కెమెరాలో ఈనెలు కనబడటం లేదు.