చైను ఎక్కడ జారుతోంది?

పాత సైకిలు మీద లేచి నిలబడి గట్టు ఎక్కుతుంటే, ఉన్నట్టుండి పెడలు టక్కున కిందికి జారుతుంది. గుండె ఝల్లుమంటుంది. "చైను జారుతోందండీ" అంటూ షాపుకు నడిపించుకెళ్తాం. మా వీధి చివర షాపులో సాయిబు గారు ఆ మాట వినగానే స్పానరు పట్టేవారు కాదు. వెనక చక్రం పైకెత్తి, పెడలు తిప్పుతూ చెవి ఒగ్గేవారు. "ఊడి పడుతోందా, పళ్ల మీద ఎగురుతోందా, ఫ్రీ కొడుతోందా?" అని అడిగేవారు. మనం ఒకే మాటతో చెప్పేది నిజానికి మూడు వేరువేరు జబ్బులు.

ఊడి పడటం తేలిక. వెనక ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, తిన్నగా నిలిపి బిగించాలి. పాత పళ్ల చక్రం కచ్చితమైన గుండ్రంగా ఉండదు కాబట్టి చైను ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఆడుతుంది. బాగా బిగిసే చోట ఆపి, అక్కడ అర అంగుళం ఆడేలా చూసుకోవాలి.

అసలు చిక్కు పళ్ల మీద ఎగరడంలో ఉంది. చైను సాగిందంటాం గానీ ఇనుము సాగదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన బుష్ రోలర్ చైనే ఇప్పటికీ మన సైకిళ్లలో తిరుగుతోంది. అందులో పిన్నులూ బుష్షులూ అరిగి, ప్రతి కీలు దగ్గరా వెంట్రుకవాసి ఖాళీ పెరుగుతుంది. అర అంగుళం లింకులు 24 కలిపితే కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెడితే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందా, ఆ చైను పని అయిపోయింది. అప్పటికే అది ఫ్రీవీల్ పళ్లనూ కొక్కేల్లా అరగదీసి ఉంటుంది. ముందు 48 పళ్లు, వెనక 18 ఉన్న సైకిల్లో, ముందు పళ్ల చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి ఫ్రీవీల్ రెండున్నర చుట్లు దాటుతుంది. అందుకే వెనక పళ్లు ముందు అరుగుతాయి. ఆ అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే అది కుదురుకోదు, ఇంకా ఎక్కువ ఎగురుతుంది. పాపం, చాలామంది ఆ కొత్త చైను నాసిరకమని తిట్టుకుంటారు. మార్చితే రెండూ కలిపి మార్చాలి.

పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైనా ఇలాగే జారినట్టు అనిపిస్తుంది. పెడలు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట 'టక్' అంటే చైను జోలికి పోకుండా ముందు ఆ పిన్ను చూడండి.

ఇక ఫ్రీ కొట్టడం. పెడలు ముందుకు తొక్కినా చక్రం కదలదు. ఫ్రీవీల్ లోపల స్ప్రింగు మీద లేచే చిన్న కొక్కేలు పాత గ్రీసు గట్టిపడి అతుక్కుపోయాయన్నమాట. చాలామంది ఇక్కడ ఫ్రీవీలే పారేస్తారు, నాకు మనసొప్పదు. స్పానరు, సుత్తి, కిరసనాయిలు డబ్బా ఉంటే ఈ సైకిల్లో విప్పలేని భాగం దాదాపు లేదు. ఫ్రీవీల్ మూత రింగుది ఎడమ మర, మామూలుగా బిగించే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. విప్పే ఓపిక లేకపోతే రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, మురికి పోయేదాకా తిప్పి తిప్పి కడగాలి. ఆరాక పలచని నూనె రెండు చుక్కలు చాలు, గ్రీసు పెడితే మళ్లీ అతుక్కుంటుంది. సాయిబు గారు అలా కడిగిన ఫ్రీవీల్‌ను అరచేతిలో పెట్టుకుని వేలితో తిప్పేవారు. టికటికలు ఎక్కడా తప్పకుండా వినిపించాకే చక్రానికి బిగించేవారు.