వాళ్లకూ మీకూ ఏమిటి సంబంధం?

కేసు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు దెబ్బ దగ్గర మొదలుపెడతారు. కాలు విరిగింది, గోడ కూలింది, ఆపరేషన్ వికటించింది. "తప్పు వాళ్లదే కదా సార్?" అంటారు. "అసలు వాళ్లకూ మీకూ ఏమిటి సంబంధం?" అంటాను నేను. ఆ మాట ఎవరికీ నచ్చదు. కానీ మన విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత అవతలివాడికి ఉందని తేలకపోతే, వాడు ఎంత అజాగ్రత్తగా ఉన్నా నష్టపరిహారం రాదు.

1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పైస్లీలో మే డొనాహ్యూ అనే ఆవిడ ఒక కెఫేలో జింజర్ బీరు తాగింది. సీసాలో మిగిలింది గ్లాసులో పోస్తుంటే కుళ్లిన నత్త పడిందని, తనకు జబ్బు చేసిందని ఆమె ఫిర్యాదు. డబ్బిచ్చింది ఆమె కాదు, వెంట ఉన్నవారు. కాబట్టి కెఫేతో ఆమెకు ఒప్పందం లేదు, బీరు తయారుచేసిన స్టీవెన్సన్‌తో అసలే లేదు. అయినా 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆమె వైపు నిలిచారు. మన పని వల్ల ఎవరికి హాని జరగవచ్చని ముందే ఊహించగలమో, వాళ్లంతా మన పొరుగువాళ్లే అన్నారు లార్డ్ ఆట్కిన్. సీసా ముదురు రంగుది. మూత తీసేదాకా లోపల ఏముందో కెఫేవాడూ చూడలేడు, తాగేవాళ్లూ చూడలేరు. అందుకే భారం ఫ్యాక్టరీ మీద పడింది.

తమాషా ఏమిటంటే, నత్త నిజంగా ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు. ఉందనే అనుకుంటే బాధ్యత ఉంటుందా అన్నదే విచారించారు. జూనియర్లు సాక్షుల జాబితాతో పరుగెత్తుకొస్తే ముందు ఈ సంగతే చెబుతాను.

మన దగ్గర ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం 1951లో కూలి జనం చనిపోయారు. నలభై, నలభై అయిదేళ్లు నిలవాల్సిన కట్టడాన్ని ఎనభై ఏళ్లు ఉంచారు. కట్టడం మున్సిపాలిటీదే, బాధ్యతా దానిదేనంది 1966లో సుప్రీంకోర్టు. అదే కోర్టు 1997లో రాజ్‌కోట్ కేసులో, రోడ్డు పక్క చెట్టు కూలి మనిషి చనిపోతే కార్పొరేషన్‌ది బాధ్యత కాదంది. చెట్టు పడుతుందని ముందే తెలిసే వీలు లేదన్నది ఒక కారణం. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. స్తంభమైనా చెట్టైనా కింద నడిచేవాడు ఒకడే కదా!

కానీ తీర్పు తీర్పే. చెట్టు కేసు ఎవరైనా తెస్తే ఆసుపత్రి బిల్లుల కంటే ముందు, ఆ చెట్టు ఒరిగిందని మున్సిపాలిటీకి ఎవరైనా అర్జీ పెట్టారా, దాని రసీదు ఎవరి దగ్గరుంది అని వీధంతా వాకబు చేయిస్తాను.