‘లెవయథాన్’: సముద్రం కనిపించింది, మనిషి వినిపించలేదు

మనుషులు ఎలా బతుకుతున్నారో వాళ్ల మధ్యకే వెళ్లి, చూసి రాయడాన్ని క్షేత్ర పరిశోధన అంటారు. ఊళ్లో అయితే ఇంటింటికీ తిరగొచ్చు. మరి నడిసముద్రంలో ఎలా? దీనికి ఒక జవాబు 2012లో వచ్చిన ‘లెవయథాన్’ అనే 87 నిమిషాల డాక్యుమెంటరీ. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవు నుంచి వేటకు వెళ్లే ట్రాలర్ మీద దీన్ని తీశారు. తీసిన లూసియన్ కాస్టేంగ్-టేలర్, వెరెనా పరవెల్ ఇద్దరూ మానవశాస్త్రం తెలిసినవాళ్లే.

వాళ్లూ పడవెక్కారు. కానీ మనిషి నిలబడలేని చోట్లకి చిన్న కెమెరాలను పంపారు. కొన్నిటిని జాలర్ల ఒంటికి కట్టారు, కొన్నిటిని కర్రలకు తగిలించి నీళ్లలో ముంచారు. అందుకే చేపల తలలు డెక్కు మీద దొర్లడం, పక్షులు తలకిందులుగా ఎగిరినట్టు కనపడటం మనం మామూలుగా చూడని కోణంలో చూస్తాం. ఒడ్డున కూర్చున్నవాళ్లకి కూడా కడుపులో తిప్పినట్టవుతుంది. వేట ఎంత మోటు పనో ఒంటికి తెలిసేలా చూపించడం ఈ సినిమా గొప్పతనం.

లోపం కూడా అక్కడే ఉంది. ఇందులో వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు. జాలర్లు మాట్లాడినా ఇంజను హోరులో సరిగ్గా వినపడదు. ఒకాయన టీవీ ముందు కునికిపాట్లు పడే దృశ్యం చాలాసేపు ఉంటుంది. ఎన్ని గంటలు పని చేశాడు? కూలి ఎంత? ఇంటి దగ్గర ఎవరున్నారు? ఒక్కటీ తెలియదు. చివర వేసే పేర్లలో మనుషులతోపాటు చేపల శాస్త్రీయ నామాలు కూడా ఉన్నాయి. చేపలకిచ్చిన గౌరవం మంచిదే. కానీ చేపని అడగలేం, మనిషిని అడగొచ్చు కదా!

వందేళ్ల కిందట మలినోస్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి, అక్కడి భాష నేర్చుకుని, ఆ జనం పడవ ప్రయాణాల మీద 1922లో పుస్తకం రాశాడు. పడవ కట్టేటప్పుడు చదివే మంత్రాలు కూడా అందులో ఉన్నాయి. వాటి అర్థం కెమెరాకి దొరకదు, అడిగితేనే తెలుస్తుంది.

మన ఒడిశాలో పూరీ పెంటకోట జాలర్లు తెలుగువాళ్లు. రేపు ఎవరైనా వాళ్ల వేటను ఇలాగే తీసి, మాట మాత్రం వినిపించకపోతే, వాళ్లది ఏ భాషో కూడా చూసేవాళ్లకి తెలియదు. కెమెరాని అలల్లోకి పంపండి, తప్పులేదు. పడవ రేవుకి వచ్చాక వాళ్ల పక్కన కూర్చుని రెండు మాటలు అడగండి. అప్పుడే పరిశోధన పూర్తవుతుంది.